తాళమేసిన అర్ర

“మస్తాన్ తాతా, మసీదు అర్ర తాళంచెవి మా తాత మొలతాడుకు కట్టుకున్నడేంది?”

గా ముచ్చటా నువ్వడిగేది? కూసో శ్రావణీ. ఫోన్ల రికార్డు అయితుందా? కానియ్. మీ తాత కొమురయ్యను అడిగితే చెప్పడులే, నేనే చెప్పాలె. మసీదు అందరికి తెరిశిననాడు నువ్వు హాస్టల్‌కు పోయి ఉంటివి.

మీ తాత, నేను గీ సిద్దిపేటల పక్కపక్క దుకాండ్లల్ల నలపయ్యేండ్లు బతికినం. ఆయనవి చీరెలు, నాది దూది. మేము దూది ఏకెటోళ్లం, ఇంట్ల గూడ తెలుగే మాట్లాడ్తం. మీ అమ్మ పెండ్లికి పరుపు, రెండు మెత్తలు నేనే కుట్టిన. అప్పుడు దూది కిలో ఎంతుండె... పదో పన్నెండో, కాదు కాదు, ఇంకెక్కువనే ఉండె. సరే, యాడికో పోతున్న. మా ముసల్ది కాశింబిని మీ తాత చెల్లె అంటుండె, నన్ను బావ. బతుకమ్మకు చేసే మలీద ముద్దలు ముందుగాల మా ఇంటికే వచ్చేటియి. రంజాన్ సేమియా మీ ఇంటికి.

మొన్న ఎండకాలం ఒక వీడియో తిరిగింది, ఎరికే గదా. మా మసీదు ఎన్కకు తాళమేసిన అర్ర ఉంది, అండ్ల కత్తులు దాసిన్రని. ఎవడు జేసిండో ఏమో. రోజు నమస్తే పెట్టెటోళ్లు మొఖం తిప్పుకొని పోవట్టిన్రు. మా పోరగాండ్లు ఉడికిపోయి ఠాణాకు పోదామన్నరు. పెద్దమనుషులేమో, కేసు పెడితే నోరు మూతవడ్తది గని మనసుల అనుమానం పోతదా, ఆదివారం మసీదు తెరుద్దాం, అందర్ని పిలుద్దాం, చాయ్ పోసి మూలమూల చూపిద్దాం అన్నరు. నేను గరమైన. మనమేమన్న దొంగలమా, సోదా ఇచ్చుకుంటానికి అన్న. ఎవ్వడు ఇనలే. పైంగ పిలిశే పని నాకే పెట్టిన్రు.

సరే అని ముందుగాల మీ తాత తాన్కి పోయిన. ఆయనకు చెప్పేదేముంది, వచ్చి చాయ్ తాగు అందామని. ఆయన చీర మడతేసుకుంట, నా దిక్కు సూడకుంట, “వస్త బావ. గని గా తాళమేసిన అర్ర గూడ తీస్తరా?” అన్నడు.

గట్లనే మర్రి వచ్చిన. ఊరంత అననీ బిడ్డా. కొమురయ్యా? నా కంచంల తిన్న మనిషి? ఇంటికొచ్చి బువ్వ ముట్టలే. ఆదివారం దాక ఒకరి దుకాణం దిక్కు ఒకరం సూడలే.

ఆదివారం వచ్చిండు. మస్తు మందే వచ్చిన్రులే, ఆడోళ్లు గూడ. మీ తాత చెప్పులిడ్శి అందరి ఎన్కాల నిలవడ్డడు. తాళంచెవి నా దగ్గర్నే ఉంటుండె. తీసిన. ఏముంది అండ్ల? పాత చాపలు, మైకు డబ్బ, సచ్చినోళ్లకు తానం పోసే బల్ల, గోడకు ఆనిచ్చి జనాజా. జనాజా అంటే పీనుగును మోసే కట్టె మంచం. మీ లెక్క ఎవలకు వాళ్లకు కొత్త పాడె కట్టం, అందరికి అదొక్కటే.

మీ తాత ముంగటికొచ్చిండు. దాని కుడి కొమ్ము మీద చెయ్యేసిండు. “బావా, గిది నా చెల్లెను మోసిందే గదా” అన్నడు. కాశింబి పోయిననాడు ముంగట కుడిపక్క భుజం ఆయనదే, కబరస్తాన్ దాక ఇంకొకల్ని పట్టనియ్యలే. ఇప్పుడు ఆ అర్ర గడపల్నే కూలవడి ఏడ్శిండు. “మోసిన గని, యాడ పెడ్తరో ఎన్నడు అడగకపోతి” అన్నడు.

అప్పుడు తగిలింది నాకు అసలు దెబ్బ. ఆయన అడగలే సరే, నేను ఎన్నడన్న చెప్పిన్నా? నలపయ్యేండ్లు, శుక్రవారమొస్తే నా సైకిల్ పట్టుకొని మసీదు బయట నిలవడెటోడు, నమాజ్ అయ్యేదాక. ఒక్కనాడు లోపలికి రా బావా అనలే నేను. మీ ఇంట్లనేమో దేవునర్ర దాక తిరిగిన.

తాళం తీసి పారేద్దామన్నరు పోరగాండ్లు. మీ తాతనే, వద్దురా మైకు ఎత్కపోతరు అన్నడు. గందుకే ఒక చెవి నా దగ్గర, ఒకటి ఆయన దగ్గర. రేపు నేను పోతే జనాజా కోసం అర్ర తీసేది మీ తాతనే. మసీదు గూడ నెలకో ఆదివారం అందరికి తెరుస్తున్నం.

ఏంది బిడ్డా, ఎందుకేడుస్తున్నవ్?

“తాతా, గా వీడియో మా తాతకు జూపెట్టింది నేనే. సెలవులకొచ్చినప్పుడు. దోస్తులకు గూడ పంపిన.”

ఆఁ? నువ్వా? నేను కుట్టిన బొంతల పెరిగినవ్ గదనే... నువ్వా? గీ ఫోన్లకెళ్లేనా?

ఆగు, రికార్డు బందు చెయ్యకు. నాకు కోపం లేదని అననులే, ఉన్నది. గా వీడియో ఎంతమందికి పంపినవో, గీ ముచ్చట గూడ గంతమందికి పంపు. ఒక్కలను గూడ ఇడ్శిపెట్టకు. పో బిడ్డా, సల్లగుండు. పొయ్యేటప్పుడు మీ తాతను ఇటు రమ్మను, చాయ్ పెడ్త.