ప్యాకెట్ మీద లేని మాట

కొంటాలో ఒక ఇంటి వంటగది. మధ్యాహ్నం. అత్త పైడమ్మ, కోడలు రీనా, నేల మీద పరిచిన మసాలా ప్యాకెట్లు.

“ఇంకోసారి చదువుతున్న, విను అత్తమ్మా. ధనియా, మిర్చీ, హల్దీ, జీరా, నమక్.”

“నిన్న చదివినవ్ గదా ఇది.”

“నిన్న చదివింది చికెన్ మసాలా. ఇది సాంబార్ పొడి. కింద సన్న అక్షరాలల్ల ఇంకో మాటుంది. పల్లీలు ఆడించే మిషన్లనే దీన్ని గూడ ఆడించిన్రంట. అంటే దీంట్ల పల్లీ తగిలి ఉండొచ్చు.”

“అయితే అదే. దొరికింది గదా. పారేసి, పిల్లను తోలుకరా.”

“ఆ రోజు ఇంట్ల సాంబార్ పొడి లేదు. ఇది మొన్న తెచ్చింది.”

“ఐదు నెలలాయె రీనా. పూనంను మద్దేడ్ల మీ అమ్మ కాడ ఉంచి ఐదు నెలలు. నా మనవరాలి మొఖం చూడకుండనే నేను పోవాల్నా?”

“ఏ ప్యాకెట్‌తోని గొంతు వాచిందో తెలిసేదాక ఈ ఇంటికి తేను. డాక్టర్ చెప్పింది నువ్వూ విన్నవ్. ఇంకోసారి పల్లీ కడుపులకు పోతే దవాఖానకు పోయే టైం గూడ దొరకదన్నడు.”

“ఫోన్లనన్న మాట్లాడనియ్యి.”

“మాట్లాడితే వస్తనని ఏడుస్తది. వద్దు. ఆ రోజు వంకాయ కూర నువ్వే వండినవ్. ఏమేమి వేసినవో మళ్ళ చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పాలె? నూనె, ఉల్లిగడ్డ, కారం, ఉప్పు. ఆ కొత్త మసాలా.”

“బాబూరావు దుకాణంల తెచ్చిన ఎర్ర ప్యాకెట్.”

“ఆ, అదే.”

“దాని మీద పల్లీ మాట లేదు. మిషన్ మాట గూడ లేదు. దాని మీదున్న నంబర్‌కు ఫోన్ చేసిన. మా కార్ఖానాల పల్లీలే అడుగు పెట్టవన్నరు.”

“సరుకు అమ్ముకునేటోళ్ళు నిజం చెప్తరా?”

“చెప్పరు. అందుకే సోమవారం సుక్మా పోతున్న. కల్తీ సరుకు చూసే ఆఫీసుల అర్జీ ఇస్త. బాబూరావు దుకాణానికి తాళం పడాలె.”

“తాళమా? ఆయనేం చేసిండు?”

“పిల్లను చావు దాక తెచ్చే సరుకు అమ్మిండు. నువ్వే గదా చెప్పినవ్. అర్జీల సాక్షి పైడమ్మ అని రాసిన. ఇక్కడ వేలిముద్ర వెయ్యి.”

“ఉండు. దేవేంద్ర రానీ. వాన్ని అడుగుత.”

“నీ కొడుకు కిరందుల్ గనుల్ల డ్యూటీల ఉన్నడు, ఈ వారం రాడు. అమ్మ ఏది చెప్తే అదే రాయమన్నడు.”

“బాబూరావు మంచోడు. ఆ రోజు దవాఖానకు జీపు తీసింది ఆయనే.”

“తీసిండు. దోర్నపాల్ నాకా కాడ పోలీసోళ్ళు బండ్లన్నీ ఆపి ఉంటే దిగి ఉరికిండు. పిల్ల పోతున్నదని వాళ్ళ కాళ్ళ మీద పడి గేటు తీపిచ్చిండు. అయితే ఏంది? సరుకు ఆయనదే గదా. వెయ్యి.”

“వెయ్య.”

“ఎందుకు వెయ్యవ్?”

“వెయ్య అంటే వెయ్య.”

“ఎందుకని అడుగుతున్న అత్తమ్మా.”

“ప్యాకెట్ల ఏం లేదు గనుక. నేనే కలిపిన. పల్లీలు వేంచి, దంచి, చెంచెడు పొడి కూరల కలిపిన.”

“చెంచెడు.”

“చెంచెడే.”

“పిల్లకు పల్లీ పడదని మూడేండ్లప్పుడే డాక్టర్ చెప్పిండు. నీ ముంగట్నే చెప్పిండు.”

“నేను నమ్మలె. మా ఇంట్ల అందరం పల్లీలు తినే పెరిగినం. కొంచెం కొంచెం అలవాటు చేస్తే పోతదనుకున్న. బడిల పిల్లలందరు చిక్కీ తింటుంటే అదొక్కతే దూరంగ కూసునుడు నాకు సూడబుద్ధి గాలె. నా ప్రాణం రీనా అది. మూతి వాసి, ఊపిరి ఆడక ఎగపోస్తుంటే నాకు భయమైంది. ఏం పెట్టినవని నువ్వు అరిస్తే మసాలా అన్న. ఒకసారి అన్నంక ఇగ వెనక్కి తీసుకోలేకపోయిన.”

“సుక్మా దాక జీపుల నా పక్కనే కూసున్నవ్. ఏం తిన్నదని డాక్టర్ అడిగిండు. సూది దేనికియ్యాల్నో తెలవాలె చెప్పమన్నడు. అప్పుడు గూడ మసాలా అన్నవ్.”

“అన్న. తిట్టు, కొట్టు, నీ ఇష్టం. ఏ ప్యాకెట్ కాదని ఇప్పుడు తెలిసింది గదా. ఇగ పిల్లను తోలుకరా.”

“పూనం దవాఖానల కండ్లు తెరిచిన నాడే చెప్పింది అత్తమ్మా. నువ్వు కలిపినవని, అమ్మకు చెప్పకు అన్నవని. ఆ నాడే నువ్వు గూడ నోరు తెరిస్తే, ఆ వారమే నీ ఒళ్ళకు తెచ్చేదాన్ని.”