పరాయి లక్సా

పెనాంగ్ బజారులో తినుబండారాల కొట్ల వరుస. పుల్లటి చేపల పులుసులో నూడుల్స్ వేసి అమ్మే తన లక్సా కొట్టును మిట్టమధ్యాహ్నం వదిలేసి వచ్చిన బీ గైక్, నాలుగు కొట్ల అవతల, స్వీ ఇమ్ లక్సా కొట్టు ముందు స్తంభం చాటున కూర్చున్న మొగుణ్ణి పట్టేసుకుంది.

"లేవకు. కూచో, చెంగ్ హువాట్. ఆ గిన్నె మీద టోపీ ఎందుకు కప్పావు?"

"ఈగలు."

"టోపీలోంచి ఆవిరొస్తోంది."

"ఎండ కదా, బీ గైక్. టోపీ వేడెక్కింది."

"తియ్యి."

"అందరి ముందూ ఎందుకే..."

"తియ్యమన్నానా! ...లక్సా! కట్టుకున్న పెళ్ళాం చీకటితో లేచి కుండెడు పులుసు కాస్తుంటే, పట్టపగలు పరాయిదాని లక్సా తాగుతావా?"

"తాగలేదే. ఊరికే చూస్తున్నా."

"మూతికి పుదీనా ఆకు అంటుకుంది."

"అసలు నీకోసం ఆంగ్ కూ కొందామని వచ్చా. పెసరపప్పు పూర్ణం పెట్టిన ఎర్రవి, నీకిష్టం కదా అని..."

"ఏవీ?"

"అయిపోయాయట."

"ఎదురుగా తట్టనిండా ఉంటేనూ!"

"అవి... నిన్నటివి."

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోందిది?"

"ఇదే మొదటిసారి. మా అమ్మతోడు."

"ఏం స్వీ ఇమ్, మొదటిసారేనా?"

"మీ గొడవలోకి నన్ను లాగకక్కా. బావా, ఇంకాస్త రొయ్యల ముద్ద వెయ్యనా, రోజూలాగే?"

"రోజూలాగేనా!"

"అరవకే, జనం చూస్తున్నారు."

"చూడనీ! ఇన్నేళ్ళూ నా చేతి పులుసు తాగి..."

"అదే చెప్పబోతున్నా! నీ పులుసు కోసమే వచ్చా."

"నా పులుసు ఇక్కడెందుకుంటుంది?"

"అదే కదా నా అనుమానమూ! ఈ మధ్య నీ పులుసు అమృతంలా ఉంటోందా? ఆ పులుపు, ఆ అల్లంపువ్వు వాసన... ఇక్కడ తాగితే అచ్చం అదే రుచి! ఎవరికీ చెప్పని నీ మసాలా ఇది కొట్టేసింది, బీ గైక్. రుజువు కోసం తాగుతున్నా."

"...రోజూనా?"

"రుజువు గట్టిగా ఉండొద్దూ? పద, బజారులో అందరి ముందూ కడిగి పారేద్దాం. ఏమ్మా స్వీ ఇమ్..."

"వద్దు."

"వద్దేంటే? దొంగతనమైతే!"

"వద్దన్నానా. పోనీలే, పాపం. చల్లారిపోతోంది, తాగు."

"ఈ మాటంటున్నది నువ్వేనా? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఇంకో గిన్నె కూడా తాగు. కొట్టు దగ్గరెవరూ లేరు, నే పోతున్నా."

"బీ గైక్! కాస్త ఆగవే..."

"అక్కా, ఆగాగు! రేపటి పులుసు కూడా ఎప్పట్లాగే మీ కొట్టుకి వెనక గుమ్మంలోంచి పంపెయ్యనా?"