పంక కింది రబ్బరు

ఆసిఫాబాద్ దిక్కు ఒక బొగ్గుబాయి. బాయిలకు గాలి పంపే పంకఘరుకు ఆనుకొని ఉన్న క్వార్టరు. ఫిట్టరు గట్టయ్య పొద్దుగూకంగ ఇంటికొచ్చిండు. పెండ్లాం నాగవ్వ అన్నం పెడుతున్నది.

“ముట్టకే! చేతులు రబ్బరు కంపు. థూ, సబ్బేసి రుద్దినా పోతలేదు.”

“కంపయితేంది, మంచి పని చేసొచ్చినవ్. కూసో, తిను.”

“ఏంది? జర గట్టిగ అను.”

“తినుమంటున్న! ఇంజన్ల కాడ నీ చెవులెప్పుడో పోయినయ్.”

“నాకద్దు. గీ చేతులతోని బుక్క నోట్లె పెట్టలేను.”

“రబ్బరు దిమ్మెలు కోస్తేనే గింత ఓకరింపా? నెలలు నిండిన కోడలు ఎన్ని తిప్పలు పడ్డది! బాయిల మన కొడుకు కొమురెల్లికి గాలాడాలంటే పంక తిరగాలె. పంక తిరిగితే గోడలదిరి వాని పెండ్లాంకు నిద్ర లేదు. పంక ఇంజను కింద దిమ్మెలేస్తే అదురు తగ్గుతదని నువ్వేనాయె చెప్పింది.”

“చెప్పిన. చెప్పిన తియ్యి.”

“బాయి దొర కాళ్లు పట్టుకొని బొంబాయి నుంచి తెప్పిస్తివి.”

“తెప్పిస్తి. ఇగ గా ముచ్చట బంద్ చెయ్.”

“ఎందుకు బంద్ చెయ్యాలె? కోడలు గిప్పుడే నిద్రవోయింది...”

“లేపకు. దానికి నా మొకం సూపియ్య.”

“ఏమైందయ్యా? సక్కగ చెప్పు.”

“దిమ్మెలు... దొర బంగ్లకు పోయినయ్.”

“బంగ్లకా? బంగ్లకెందుకు?”

“ఆడ కరెంటు తీసే మిషినుంది గద. చుట్టాలొచ్చిండ్రట. గర్రుమంటుంటే దొరసానికి తలకాయ నొస్తుందట. పొద్దటి సంది నాతోనే కోయించి దాని కింద ఏయించిండు. ఆఖరుకు గామె కిటికీలకెల్లి చూసి, గీ కంపేందని ముక్కు మూసుకున్నది.”

“థూ! వాళ్ల బతుకు పాడుగాను! ఇక్కడ గోడలు పర్రెలిచ్చినయ్, ఒక్కడన్న తొంగి సూడలే. నీకన్న సిగ్గు లేదా? ఎట్ల కోసినవ్?”

“సిగ్గుంటే కత్తి ఆడ్నే పారేసి వద్దును. నన్ను చూస్తే నాకే రోతైతుంది.”

“అన్ని అటే పోయినయా?”

“ఒక్క తుండు మిగల్లే.”

“ఆగాగు. పంక కింద ఏమెయ్యలేదా?”

“ఏం పెట్టి ఎయ్యాలె? ఇయ్యాల పంకఘరు గడపే తొక్కలే నేను.”

“అయ్యో అయ్యో! మరి అన్నం వార్చేటప్పటి సంది పంక సప్పుడే లేదు, గోడ అదురుతలేదు. నీ దిమ్మెల పుణ్యమని సంబురపడితిని గదనయ్యా... లే, ఉరుకు! కొమురెల్లి బాయిలున్నడు!”