కాయ కాసిందనుకున్నా

హలో… ఆ, నేనేనక్కా. లేదు, ఇంకా పనికి వెళ్ళలేదు… ఆస్పత్రి వరండాలో కూర్చున్నా.

అయ్యో, మీ మరదలికేం కాలేదు. అది ఇంట్లో ఉంది. నాకే…

రొమ్ము క్యాన్సర్ అన్నారు.

…నవ్వు, పర్లేదు. నేనూ నవ్వాను. నర్సమ్మ అయితే ‘పేషెంటుని లోపలికి పంపి మీరు బయట కూర్చోండి’ అంది. పేషెంటుని నేనేనమ్మా అంటే చీటీ వంక రెండుసార్లు చూసింది.

…అవును, మగాళ్ళకీ వస్తుందట. ఏ కొద్దిమందికో. ఆ కొద్దిమందిలో నీ తమ్ముడున్నాడు.

ఎడంవైపు… మొదట్లో బఠాణీ గింజంత ఉండేది. ఏడాది దాటింది… తిట్టు, తిట్టు. డ్రిల్లు ఛాతీకి ఆనించి తోస్తాను కదా, అక్కడ కాయ కాసిందనుకున్నా. అరచేతుల నిండా లేవూ? అలాంటిదే అనుకున్నా. వడ్రంగివాడి ఒంటిమీద ఒక కాయ ఎక్కువైతే ఎవడు పట్టించుకుంటాడు?

…కాదక్కా, డ్రిల్లు వల్ల కాదట. అడిగాను. జేబులో ఫోను వల్లా కాదట — అది మీ మరదలు అడగమంది.

భయమా?… ఏమో. ఏమీ తెలియట్లేదు. ఎదురుగా డాక్టరమ్మ గది తలుపుంది, పై మడతబందుకి రెండు స్క్రూలు ఊడిపోయాయి. లోపల ఆవిడ చెప్తున్నంతసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నా. ఇప్పుడూ దాన్నే చూస్తున్నా.

సరే, విను. నీకు ఫోన్ చేసింది అందుక్కాదు. తోబుట్టువులున్నారా అని డాక్టరమ్మ అడిగింది. అక్క ఉందన్నా. నిన్నూ ఓసారి చూపించుకోమంది.

…నిజమే, మన ఇంటా వంటా లేదు. లేకపోయినా వస్తుందట. అయినా ఇప్పుడు నాకుందిగా, మరి.

…సూది గుచ్చితే పాకుతుందా? ఎవరు చెప్పారు?… పక్కింటావిడ ఎప్పుడు డాక్టరైంది? నాకు గుచ్చారక్కా. దాంతో పాకదట. గుచ్చి చూస్తేనే అదేమిటో తెలిసేది.

నొప్పా? లేదు… నొక్కినా లేదు. గట్టిగా ఉంటుంది… ఊహూఁ, కదలదు… చర్మమా? కొంచెం సొట్టపడ్డట్టు…

అక్కా.

ఇవన్నీ ఎందుకడుగుతున్నావ్?

…

హలో… ఉన్నావా?

…

ఎప్పట్నుంచి?

…

నొప్పి లేదు కదా, ఏం కాదులే అనుకున్నావా… నేనూ అంతేనే. బావకి చెప్పావా?… ఎవరికీ చెప్పలేదా.

లేదు, తిట్టను. ఏ మొహం పెట్టుకుని తిట్టమంటావ్?

ఏడవకు… ఇటు విను. ప్రతి గడ్డా అదే కాదట. చాలావరకు ఉత్తి గడ్డలేనట. కానీ చూస్తే గానీ తెలీదు… రేపు కాదు. ఎల్లుండి అసలే కాదు. డాక్టరమ్మ మూడింటిదాకా ఉంటుంది. పొయ్యి మీద ఏముందో దించెయ్. బావకి దారిలో ఫోన్ చెయ్యి. చెప్పులేసుకో.

…నేనెక్కడికి పోతాను? ఇక్కడే ఉంటా. పక్క కుర్చీలో పనిముట్ల సంచి పెట్టా, నువ్వొచ్చేదాకా ఎవర్నీ కూర్చోనివ్వను. ఈలోగా ఆ తలుపు స్క్రూలు బిగించేస్తా.

అక్కా… ఇందాక అడిగావే, భయమేస్తోందా అని…

ఇప్పుడేస్తోంది.

పెట్టేస్తున్నా. బయల్దేరు.