పెంటుసాబ్ చూసిన నెలవంక

ఆగు, లోపలికి పోకు. ఇట్లచ్చి కూసో. కుర్చీల అద్దు, ఈడ నా ముంగట చాప మీద కూసో, నీ మొఖం నాకు కనవడాలె. ఇయ్యాల జుమ్మా నమాజ్‌ల ఏం జేసినవ్ నువ్వు? ఏం జెయ్యలేదా? నేను రెండో వరుసల ఉన్న కదరా, నా కండ్లు పోయినయనుకున్నవా? ఇమాం సాబ్ ఎనుక మొదటి వరుసల నిలవడ్డ ఆ కరెంటాఫీసు సారును భుజం వట్టి ఎనుకకు గుంజినవ్. డెబ్బై ఏండ్ల మనిషిని. "గడ్డం లేనోళ్లు ముందు వరుసల నిలవడద్దు అంకుల్" అన్నవ్. అంకుల్ అంట! గుంజేది గుంజి మల్ల మర్యాద. ఆయన పోయి చెప్పుల కాడ నిలవడి నమాజ్ చదువుకొని పోయిండు. నీకు గడ్డం మొలిసి ఏడాది గాలె, అప్పుడే ఊరోళ్ల గడ్డాలు కొలువవడితివి. ఫోన్ల ఎవడో అర్ధగంట ఒర్రిండు, నువ్వు ఇని ముఫ్తీ సాబ్‌వైనవ్. ఉర్దూల తిట్టు దాదా అంటానవా? శాంతంగుంటె ఉర్దూ వస్తది నాకు. కోపమొస్తె తెలుగే వస్తది.

నీకు పెంటుసాబ్ తెల్వదు. నువ్వెట్ల ఎరుగుతవ్, నువ్వు టౌన్ల, సుబేదారిల పుట్టినోనివి. మా ఊరు నెక్కొండ టేసన్ల దిగి సైకిల్ మీద పోతె గంట. నవ్వుతానవేంది, పేరుకా? ఆయనకంటె ముందు పుట్టినోళ్లు ముగ్గురు పురిట్లనే పోతె, ఈయన పుట్టంగనే పెంట మీద పండవెట్టి మల్ల ఎత్తుకచ్చుకున్నరు, గట్లనన్న బతుకుతడని. హిందువుల ఇండ్లల్ల పెంటయ్య, మన ఇండ్లల్ల పెంటుసాబ్. గప్పుడు నవ్వకపోయేది ఎవ్వలు. దూదేకులాయన. భుజం మీద దూది ఏకే విల్లు ఏస్కొని ఊరూరు తిరిగేటోడు. పరుపులు, మెత్తలు, బొంతలు. ఆ విల్లు నారి మీద కొడితె వాడకట్టంత ఇనవడేది. దూది ఏకుతాంటె పోగులు లేసి కనుబొమ్మల మీద, చెవులల్ల, ముక్కుల గూడ. గడ్డముంటె ఇగ అంతే, అది గడ్డమో దూదో తెల్వకపోవు. గందుకని శుక్రారం శుక్రారం నున్నగ గీయించుకునేది. మల్ల దానికి వకాల్తా మాట్లాడేటోడు గాదు. ఎవలన్న అడిగితె "ఉంచాలె భాయ్, ఉంచలేక పోతాన, అది నా తక్కువనే" అనేది. గంతే.

ఇగ ఈయనకు ఎదురుగ ఎవలుండె? వజీరుద్దీన్ సాబ్, మా మజీదు కమిటీ సదర్, అంటె పెద్ద. అవును, మీ దాదీకి పెదనాయన. ఇననియ్యి, లోపల నుంచి ఇననియ్యి, ఆమెకు ఎర్క లేనిదేం గాదు. గడ్డం ఎట్లుండేదంటవ్, పిడికిలి వడితె పిడికిట్లకు సరిగ్గ వచ్చేది, ఒక ఎంట్రుక ఎక్కువ గాదు, ఒక ఎంట్రుక తక్కువ గాదు. జేబుల దువ్వెన. కాళ్లు చేతులు కడుక్కొని వజూ చేస్కొని దువ్వుడు, నమాజ్ చదివి దువ్వుడు, మాట్లాడుకుంట దువ్వుడు. మజీదు మెట్ల మీద కూసుండి వచ్చేటోళ్ల పాయిజామాలు చూసేది. ఎవనిదన్న చీలమండ కింద జారితె "ఏ, నేల ఊడుస్తానవా?" అని పది మందిల అనేది. ఆయన ఏం నమాజ్ చదివేదో నాకైతె తెల్వదు గని, ఎవలు ఎన్ని రకాతులు ఎగవెట్టిన్రో మాత్రం ఆయన నోట్లె ఉండేది. అసొంటి మనిషంటె మాకు ఎంత భయమో అంత గౌరవం. నీ లెక్కనే నేను గూడ, ఇరువై రెండేండ్లకు కొత్తగ గడ్డం ఉంచి ఆయన ఎనుక తిరిగేటోన్ని. ఆయన తమ్ముని బిడ్డనిస్తమని మాట గూడ అయింది. పండుగ ఎల్లంగనే నిఖా.

ఆ ఏడాది రంజాన్ రోజాలు వానకాలంల వచ్చినయ్. ఇరువై తొమ్మిదో రోజు. తెల్లారి పండుగనా, ముప్పై రోజులు నిండాల్నా అన్నది చంద్రుని మీద ఉంటది కదా. మొగులేమో పొద్దుగాల నుంచి నల్లగ పట్టి ఉన్నది. మొగులున్నప్పుడు లెక్కేందంటె, మాటకు నిలవడే ఇద్దరు మనుషులు వచ్చి మేం కండ్లార చూసినమని గవాహి ఇయ్యాలె. ఒక్కడైతె చెల్లది. ఆ రోజు పెంటుసాబ్ కట్టయ్య పటేల్ ఇంట్ల దూది ఏకుతాండు. ఎవ్వలదనుకున్నవ్ ఆ పరుపు? నాదే. పెండ్లి పరుపు. కట్టయ్య చేన్ల పత్తి కొన్న, ఆడనే ఏకిపిచ్చుకుంటాన. పొద్దుగూకె యాళ్లకు రాజవ్వ, అంటె కట్టయ్య భార్య, చెంబుతోని నీళ్లిచ్చింది, జేబుల ఖజూర్ పండ్లు తీసి ఇద్దరం రోజా ఇడిసినం. ఆయన గాలికోసమని డాబా ఎక్కిండు. పడమటి దిక్కు మొగులు జరంత చీలింది. చీలితె, అగో, నెలవంక! ఈత ముల్లంత. రాజవ్వ చూసి దండం వెట్టుకున్నది, కట్టయ్య "పెంటన్నా, రేపు పండుగనే నీకు" అని ఒర్రిండు. ఇటు రెప్ప కొట్టంగనే మల్ల మూసుకున్నది మొగులు. నేనా? నేను చూడలే. నేను కింద వాకిట్ల దూది మూట గట్టుకుంటాన.

పెంటుసాబ్ దిగినోడు దిగినట్టే మజీదుకు పోయిండు. ఒంటి మీద దూది గూడ దులుపుకోలె. ఆడ సదర్ సాబ్ రేడియో ముంగట వెట్టుకొని కూసున్నడు. పట్నంల గూడ మొగులేనంట, ఎవ్వలకు కనవడలేదంట. పెంటుసాబ్ పోయి సలాం జేసి "సదర్ సాబ్, చాంద్ చూసిన" అన్నడు. సదర్ తల ఎత్తి కింది నుంచి మీది దాక చూసిండు. దువ్వెన తీసిండు. "ఎవలు, దూదేకుల పెంటూనా? ముందు నీ మొఖం మీద ప్రవక్త సున్నత్, ఆ గడ్డం చూపియ్, తర్వాత ఆకాశంల చాంద్ చూపిద్దువు" అన్నడు. మజీదు మజీదంత నవ్వింది. రోజా ఉన్న నోళ్లు, అప్పుడే కురాన్ చదివి వచ్చిన నోళ్లు, అన్ని కల్సి కిలకిల నవ్వినయ్. పెంటుసాబ్ నిలవడ్డ కాడనే నిలవడి "గడ్డం లేకపోవుడు నా తప్పే, నేను కాదంటలేను. కండ్లయితె మంచిగనే ఉన్నయ్ సాబ్" అన్నడు. "కండ్లు గాదు గవాహి ఇచ్చేది, మనిషి" అన్నడు సదర్. "సరే, నీతోని ఇంకెవలు చూసిన్రు?" "కట్టయ్య పటేల్, రాజవ్వక్క." మల్ల నవ్వు. "మనోళ్లు ఎవలన్న ఉన్నరా?" అని అడిగిండు. పెంటుసాబ్ ఎనుకకు తిరిగి చూడలే. "ఉంటె ఆళ్లే చెప్తరు సాబ్" అన్నడు.

ఎవ్వలు చెప్పలే. సదర్ ఫైసలా చేసిండు, రేపు ముప్పయ్యో రోజా అని. నువ్వైతె ఏం జేస్తుంటివి? ఫోన్ల వీడియో వెడుతుంటివి, నాలుగు గ్రూపులల్ల తిట్టిపిస్తుంటివి, ఎనిమిది మందిని ఎంటేస్కొని పక్కకు పోయి వేరే ఈద్ చదువుతుంటివి. ఆయన ఏమన్నడో ఇను. "మీరు సదర్, ఫైసలా మీది. నేను చూసింది చూడలేదని మాత్రం అనను. ఊరంత రేపు రోజా ఉంటె నేను గూడ ఉంట" అన్నడు. సలాం జేసి ఎనుక వరుసల పోయి నిలవడ్డడు. తను చూసినదాన్ని ఇడ్వలే, ఊరిని గూడ ఇడ్వలే. గా రెండు ఒక్క మనిషికి ఎట్ల సాధ్యమైతయో నాకు ఇప్పటికి సమజ్ గాదు.

తెల్లారి వాన దంచుతాంది. పెంటుసాబ్ రోజా ఉండి వచ్చి మల్ల నా పరుపు పని వట్టిండు. రాజవ్వ ఏం జేసింది, ఆమె కండ్లార చూసింది గదా, ఈయనకు పండుగని పాలు కాసి సేమియా వండి గిన్నె పట్టుకచ్చింది. "తిను తమ్మీ, నేను చూడలేదా ఏంది? ఆ సదర్ సాబ్‌కు మొగులు పట్టింది గని నీకు పట్టిందా?" అన్నది. ఆయన సూది ఆపి, గిన్నె మీద మూత వెట్టి, "అక్కా, నేనొక్కన్ని చేస్కుంటె అది పండుగెట్లయితది? రేపు తింట, ఉంచు" అన్నడు. ఆమెకు కోపమొచ్చింది. "ఆళ్లు నిన్ను గట్ల నవ్విరి, నువ్వు ఆళ్లకోసం పస్తుంటానవా?" "ఆళ్లకోసం గాదక్కా, ఆళ్లతోని" అన్నడు. మల్ల కుట్టుకుంట కూసున్నడు.

ఆ రోజు పొద్దుగూకంగ మొగులు ఇచ్చుకుపోయింది. నెలవంక వచ్చింది చూడు, అంత ఎత్తుల, అంత లావుగ, రెండు నాళ్ల చంద్రుడని పసిపోరడు గూడ చెప్తడు. మజీదు ముంగట అందరం నిలవడి చూస్తానం. సదర్ సాబ్ గడ్డం దువ్వుకుంట "కొద్దిగ లావున్నట్టున్నది ఈసారి" అన్నడు! గంతే అన్నడు. పండుగ నాడు నమాజ్ అయినంక పెంటుసాబ్ అందరి కంటె ముందు పోయి ఆయననే కావలించుకున్నడు. "ఈద్ ముబారక్ సాబ్" అన్నడు. ఎత్తిపొడువలే, నవ్వలే. సదర్ మాత్రం కావలించుకున్నంక షేర్వాణీకి అంటిన దూది పోగు రెండు వేళ్లతోని తీసి కింద ఏసిండు. థూ. ఆ పోగు నాకు ఇప్పటికీ కండ్లల్ల ఉన్నది.

ఏందట్ల చూస్తానవ్? అడుగు. గదే కదా నీ నోట్ల తిరుగుతాంది? "ఉంటె ఆళ్లే చెప్తరు" అని ఎందుకన్నడు, అని. తెలివికల్లోనివి, మా వంశం.

ఇంతసేపు సదర్‌ను తిట్టిన గదా, ఇగ ఇను. నేను కింద మూట గట్టలేదురా. డాబా మీదనే ఉన్న. పెంటుసాబ్ నా భుజం మీద చెయ్యేసి, నా మొఖం పక్కన తన మొఖం వెట్టి వేలు చూపిచ్చిండు, "అగో మదార్, ఆ చింతకొమ్మ మీదికెల్లి చూడు" అని. చూసిన. మంచిగ చూసిన. ఇద్దరం కల్సి దువా గూడ చదివినం. మజీదుకు ఒక్క సైకిల్ మీదనే పోయినం, నేనే తొక్కిన. నాకు పిడికెడు గడ్డం ఉండె. మాటకు నిలవడే మనిషినని సదర్ నోటితోనే అన్నడు గంతకు ముందు. నేను ఒక్క మాటంటె ఇద్దరమైతుంటిమి, ఊరికి పండుగైతుండె. సదర్ "మనోళ్లు ఎవలన్న ఉన్నరా" అన్నప్పుడు నేను చాప మీద పుల్ల గిల్లుకుంట కూసున్న. అందరు నవ్వితె నేను గూడ నవ్విన. ఎందుకంటె, దూదేకులాయన పక్కన నిలవడితె పిల్లనియ్యరేమో అని. గంతే. వేరేదేం లేదు. గడ్డం మంచిగ పెంచిన గని దాని ఎనుక ఏమున్నదో మీ సదర్ కొలువలే.

ఆయన నా పేరు చెప్పలే. మల్ల ఎన్నడు అడుగలే. తెల్లారి వచ్చి నా పెండ్లి పరుపు కుట్టిండు, ఆకలి మీద, సూది సూదికి వరుస తప్పకుండ. లోపలి మంచం మీద ఉన్నది అదే పరుపు. మొన్న నువ్వు "దాదా, ఇది పారేసి ఫోమ్‌ది తెద్దాం" అంటె నేను నీ మీద ఎందుకు లేసిన్నో ఇప్పుడన్న సమజైందా? నలభై ఏండ్ల సంది దాని మీదనే పండుకుంటాన. నిద్ర పట్టిందని చెప్పుమంటవా?

చెప్పుదామనే అనుకున్న. నెక్కొండ సంతల కలిసేది, నర్సంపేట బస్సుల కలిసేది. "మంచిగున్నవా మదార్?" అనేది. "మంచిగున్న భాయ్" అనేటోన్ని. ఇగ చెప్దాం, వచ్చే జుమ్మా చెప్దాం అనుకుంట అనుకుంటనే పదకొండేండ్ల కింద పోయిండు. ఆఖరు చూపుకు నేను గూడ పోయిన. జనాజా నమాజ్‌కు ముందు ఆయన కొడుకు లేసి, రివాజు ఉంటది గదా, చేతులు జోడించి "మా నాయిన మిమ్ముల ఎవ్వలనన్న ఏమన్న అనుంటె, బాధ పెట్టుంటె, మాఫ్ జెయ్యున్రి" అన్నడు. అందరు "మాఫ్ జేసినం, మాఫ్ జేసినం" అంటాన్లు. నేను మొదటి వరుసల ఉన్న. మాఫ్ జెయ్యాల్సింది ఆయనరా, నేను గాదు. అయినా నోరు తెరిచి "మాఫ్ జేసిన" అన్న. అందరికంటె గట్టిగ అన్న.

...

ఆ కరెంటాఫీసు సారు ఇల్లు నాలుగో గల్లీల, నీలిరంగు గేటు. ఆయన ఇంక బతికే ఉన్నడు. లే. పోయి ఏమనాల్నంటవా? నాకేం తెల్సురా ఏమనాల్నో, నేను ఎన్నడన్న అన్ననా? లే, చెప్పులేస్కో. నా చేతికర్ర ఏడ వెట్టిన్నో చూడు.