బొమ్మ కింద గులకరాయి

ఆమ్‌స్టర్‌డాంలో ఓ చిన్న మ్యూజియం. గోడమీద పసుపు గౌను అమ్మాయి బొమ్మ కింద, నేలమీద ఒక ముసలామె గులకరాయి పెడుతుండగా కాపలాదారు చూశాడు.

“నెలనెలా ఈ రాళ్లు పెడుతున్నది మీరేనా మామ్మగారూ? ఏరీ ఏరీ నా నడుం పడిపోతోంది!”

“వంగి పెట్టే నా నడుం సంగతేమిటి మరి? మా యూదుల్లో సమాధి దగ్గరికెళ్తే రాయి పెట్టి వస్తాం బాబూ.”

“ఇది సమాధి కాదుగా. పైగా ఆ బొమ్మలో ఉన్నది మీరేనట. బతికున్న మనిషికి రాయేమిటి?”

“మొహమే నాది. ఎనిమిదేళ్ల పిల్లని, కుదురుగా కూర్చుంటేగా! చిత్రకారుడు విసిగిపోయి, చేతులు గీయడానికి మా అక్క హెస్టర్‌ని కూర్చోబెట్టాడు.”

“మరి ఆవిడ?”

“యుద్ధంలో నన్నొక రైతు ఇంట్లో దాచారు. అక్కనీ అమ్మానాన్నల్నీ నాజీలు రైలెక్కించి తీసుకుపోయారు. ఎవరూ తిరిగి రాలేదు. అక్కకి సమాధి లేదు, ఫొటో అయినా లేదు. మిగిలినవి ఆ చేతులే.”

“నేలమీద ఏదీ ఉంచకూడదని రూలు మామ్మగారూ.”

“తెలుసులే. తీసేస్తాను.”

“మీరు వంగకండి. ఇకనుంచి నా చేతికివ్వండి. తలుపులు మూశాక నేనే పెడతాను, పొద్దున తెరిచేముందు తీస్తాను. రాత్రంతా మీ అక్కగారి దగ్గరే ఉంటుంది.”