పాతర మీది బండ

తాండూరు పక్క పల్లెను సుడిగాలి ఊడ్చేసింది. కూలిన ఇంటి అడుగున, జొన్నలు దాచే ఖాళీ పాతరలో భార్య చిక్కుకుంది. నాపరాయి గని నుంచి పరుగెత్తుకొచ్చిన భర్త పాతర మూతగా ఉన్న బండ మీద వంగాడు.

“మన పిల్లలు పానంతోటి ఉన్నరా?”

“ఉన్నరు. జల్ది బండ తియ్యి, ఊపిరి ఆడ్తలేదు.”

“మన్నంత తీసినం. నలుగురం పట్టినా బండ కదుల్తలేదు. ఊరంత గడ్డపారలతోటి వస్తున్నరు, జర ఓర్చుకో.”

“పక్కింటి ఇబ్రహీం భాయ్ ఏడున్నడు?”

“ఈడ్నే ఉన్నడు. ఆయన ఇల్లు నేలమట్టమైంది, పిల్లలు కానొస్తలేరు. అయినా బతికినోళ్లను ముందు తీద్దామని మనతోటే ఉన్నడు.”

“ఏడుస్తున్నడా?”

“ఏడుస్తనే గడ్డపార వేస్తున్నడు.”

“ఇంకా ఎందుకు ఏడుస్తడు? ఆయన పిల్లలు ముగ్గురూ గూడ నా ఒడిలనే ఉన్నరని చెప్పు!”

“ఇన్నడు! అగో, ఆయన ఒక్కని గడ్డపారకే బండ లేస్తున్నది! మేమింకా చెయ్యి కూడ వెయ్యలే!”